ఫ్రిజ్ మీద ఏడు సూత్రాలు

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ డైరీ పురుగుమందుల కంపెనీ వాళ్ళది. అట్ట మీద వరి కంకి, లోపల మొదటి పేజీలో కాండం తొలిచే పురుగు, అదీ రంగుల్లో. మా ఆయన దుకాణంలో ఎవరో ఇచ్చి వెళ్ళారు. ఫర్వాలేదు. ఈ రోజు నుంచి ఇది నా ఆనంద జీవితపు డైరీ!

జరిగింది రాస్తాను. మహిళా సంఘం మీటింగ్ అని ఫంక్షన్ హాలుకు పిలిచారు. ముందు అందరికీ బీపీ చూశారు. నర్సమ్మ మిషను వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా అమ్మా?" అన్నది. "ఏం కాలే, మాకిది మామూలే" అన్నాను. గోళీలు రాసిచ్చింది.

తరువాత నవత మేడం మాట్లాడారు. హైదరాబాదు నుంచి ఏసీ కారులో వచ్చి, సాదాసీదాగా ఎలా బ్రతకాలో గంటన్నర చెప్పారు. మనసు బాగుండాలన్నా, బ్రతుకు ఒక సమతూకంలో ఉండాలన్నా ఏడు సూత్రాలు చాలట. రాసుకొచ్చాను.

1. పొద్దున ఐదు గంటలకే లేవాలి.
2. ఫిర్యాదులు చేయొద్దు.
3. అడగని సలహా ఇవ్వొద్దు.
4. కోపం వస్తే నీళ్ళు తాగి, ఊపిరి పీల్చి, నవ్వాలి.
5. ఏది జరిగినా మంచికే అనుకోవాలి.
6. నెగెటివ్ మనుషులను దూరం పెట్టాలి.
7. రోజూ మూడు కృతజ్ఞతలు రాయాలి.

పక్క కుర్చీలో ప్రమీలక్క. మా గోడకు ఆనుకొని ఉన్న గోడ ఆమెది. మా అరుగు మీద ఇద్దరం కూర్చొని బీడీలు చుట్టబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మేడం మాట్లాడుతున్నంతసేపూ అక్క మొహం మీద కొంగు కప్పుకొని నిద్రపోయింది. ఆరో సూత్రం దగ్గర నాకెందుకో పక్కకు తిరిగి చూడాలనిపించింది. చూశాను. కనీసం గురక కూడా లేదు. హాయిగా పడుకున్నది.

రేపటి నుంచి కొత్త ఉమారాణి!

ఫిబ్రవరి 2, సోమవారం. పొద్దున 5

లేచాను! లోకమంతా ఎంత ప్రశాంతంగా ఉందో! ఇంత ప్రశాంతంగా ఉన్నప్పుడు పడుకోకుండా లేచి ఏం చేయాలో మాత్రం మేడం చెప్పలేదు. చీకట్లో చెంబు తన్నుకున్నాను. మా ఆయన ఆత్మారాం దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఎవలది?"

"నేనే. ఆనందంగ ఉన్న."

"గోళి ఏసుకున్నవా?" అని మళ్ళీ ముసుగు తన్నాడు. నీళ్ళు తాగి, ఊపిరి పీల్చి నవ్వాను.

కృతజ్ఞతలు: సూర్యుడు (ఇంకా రాలేదు). గాలి. గ్యాస్ సిలిండర్.

సాయంత్రం

అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నానో లేదో ప్రమీలక్క మొదలుపెట్టింది. నల్లా నీళ్ళు దారమంత సన్నగా వస్తున్నాయి. మోకాలు లేవనివ్వట్లేదు. ఈసారి బీడీ ఆకు అంతా చిల్లులే, కత్తిరిస్తే సగం చెత్తలోకే పోతున్నది. మార్కెట్ యార్డుకు పసుపు బండ్లు పోయి పోయి రోడ్డంతా దుమ్ము. ఆ దుమ్ము ఎవరింట్లోకి? ఆమె ఇంట్లోకే!

మామూలుగా అయితే నేనూ నాలుగు కలుపుతాను. నల్లా వాడిని ఇద్దరం కలిసి తిడతాం. ఈ రోజు రెండో సూత్రం. "దుమ్మన్న వస్తున్నది గదక్కా, సంతోషం" అన్నాను. అక్క ఆకు కత్తిరించడం ఆపి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

మా ఆయనది రేడియం స్టిక్కర్ల దుకాణం. ఆటోల వెనుక 'అమ్మ దీవెన' అని, ట్రాక్టర్ల వెనుక పిల్లల పేర్లు కోసి అతికిస్తాడు. రోజూ గుర్తుండాలని ఏడు సూత్రాలు నాకు కూడా కోసి పెట్టమన్నాను. ఫ్రిజ్ తలుపు మీద వరుసగా అతికించాడు. ఆకుపచ్చ రేడియం ఐదో సూత్రం దగ్గర అయిపోయింది. ఆరోది మిగిలిన ఎర్ర రేడియంతో కోశాడు, అదీ పెద్ద అక్షరాల్లో. జాగా చాలక ఏడోది ఫ్రిజ్ పక్క వైపుకు తిరిగింది.

"ఊడిపోతదా?" అని అడిగాను.

"బండి తుక్కుకు పోయినా నా అక్షరం పోదు" అన్నాడు గర్వంగా.

బాగుంది! పాలు తీయడానికి తలుపు తెరిచినప్పుడల్లా జ్ఞానం.

కృతజ్ఞతలు: గాలి (మళ్ళీ). ఆత్మారాం. ఫెవికాల్.

ఫిబ్రవరి 5, గురువారం

ఈ రోజు సూత్రాల విజయం!

ప్రమీలక్క కొడుకు శేఖర్‌కు బోధన్‌లో స్వీట్ల దుకాణం. తల్లిని వచ్చి తనతోనే ఉండమంటున్నాడు. నెల నుంచి అక్క నోట ఇదే పాట. "పోరడు రమ్మంటున్నడు. ఇల్లు కిరాయకియ్యమంటున్నడు. ఆ బోధన్ల నాకెవలు తెలుసే? షుగర్ ఫ్యాక్టరీ మూసిండ్రు గని ఇంటింటికి షుగర్ మిగిలింది. ఆ ఊళ్ళె మిఠాయిలు అమ్ముతున్నడు నా కొడుకు, వాని తెలివి మండ!" అన్నది.

ఇంతకుముందైతే నేను వెంటనే "ఎట్ల పోతవో నేనూ చూస్త, కాళ్ళిరగ్గొడత" అనేదాన్ని. అది విని అక్క కడుపు నిండా నవ్వుకొని మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. ఈ రోజు అడగని సలహా ఇవ్వలేదు. ఊపిరి పీల్చి ఐదో సూత్రం అన్నాను. "పోతే పోయినవ్ తియ్యక్కా. ఏది జరిగినా మంచికే."

అక్క నా మొహం వైపు చూసింది. చాటలో తంబాకు సర్దుకుంది. కాసేపటికి చల్లటి నీళ్ళ కోసం లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడింది. నీళ్ళు తాగుతోందనుకున్నాను. బయటికి వచ్చాక సాయంత్రం దాకా ఒక్క ఫిర్యాదు లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అరుగు మీద పిచ్చుకల చప్పుడు వినబడింది.

మేడం గొప్పది!

ఫిబ్రవరి 7, శనివారం

మా అమ్మాయి స్నేహలత డిగ్రీ చదువుతోంది. ఫోన్లో ఇలాంటి సంగతులన్నీ చూస్తుంది. "దూరం పెట్టుడంటే పిచ్చుకలు వినుడు కాదమ్మా. నీకు నీ జాగా ఉండాలె. నీ పీస్ నువ్వు కాపాడుకోవాలె" అన్నది.

సరే, పీస్ కాపాడుకుందామని చాట తీసుకొని లోపలి గదిలోకి మారాను. అక్కకు చెప్పాలి కదా, చెప్పాను. "కొన్నొద్దులు లోపట కూసుంటనక్కా. బీపీ గదా. జర ప్రశాంతంగ ఉండాల్నట."

"కూసో బిడ్డా. నాదేమున్నది" అన్నది. అంతే. ఎంత పెద్దమనసు!

ఈ రోజు ఏడింటికి లేచాను. ఐదుకు లేస్తే ఆరింటికి ఆకలవుతున్నది, ఆరింటికి తింటే పదింటికి మళ్ళీ ఆకలి. ఇది ఆరోగ్యానికి మంచిది కాదు.

కృతజ్ఞతలు: లోపలి గది. ఫ్యాను. (మూడోది తరువాత రాస్తాను.)

ఫిబ్రవరి 9, సోమవారం

ఒక వింత సంగతి. మాట్లాడకుండా బీడీలు చుడితే చెయ్యి నడవదు! అరుగు మీదైతే నోరు ఒకవైపు, వేళ్ళు ఒకవైపు. నల్లా వాడి దగ్గర మొదలై అక్క కోడలి దగ్గరికి వచ్చేసరికి కట్ట అయిపోయేది. లోపల ఆకు పట్టుకుంటే ఆకే కనబడుతోంది. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఆకు. ఎంత విసుగు పనో ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు. మధ్యాహ్నం చాట మీదే కునుకు పట్టింది. తుమ్ములతో లేచాను.

సాయంత్రం కార్ఖానాలో ఇంకో వింత. బీడీలు తీసుకునే టేకేదారు సురేందర్ నా కట్ట విప్పి ఒక గుప్పెడు పనికిరావని పక్కన పడేశాడు. నాకు మండింది. నాలుగో సూత్రం! నీళ్ళు తాగి, ఊపిరి పీల్చి నవ్వాను. నేను నవ్వేసరికి ఇంకో గుప్పెడు తీశాడు.

ఎప్పుడూ ఇలా జరగలేదు. ఎందుకు జరగలేదా అని దారి పొడుగునా ఆలోచిస్తే గుర్తుకొచ్చింది. ఎప్పుడూ ముందు నిలబడేది ప్రమీలక్క. కట్ట మీద చెయ్యి పడకముందే ఆమె నోరు లేచేది. నేను వెనుక నిలబడి "పోనీయక్కా" అనేదాన్ని, మంచిదాన్నని పేరు తెచ్చుకునేదాన్ని.

ఈ మధ్య అక్క వేరే పూట వెళ్తున్నదట.

ఫిబ్రవరి 11, బుధవారం

ఎనిమిదింటికి లేచాను. ఐదు అంటే ఏ ఐదో మేడం స్పష్టంగా చెప్పి ఉండాల్సింది.

చిన్న చిన్న సవరణలు:
వంటింట్లో చేసే ఫిర్యాదు ఫిర్యాదు కిందికి రాదు.
మొగుడికి ఇచ్చేది సలహా కాదు, సమాచారం.
నవ్వు కార్ఖానాలో నిషేధం.

పాలు పోసే భీమవ్వ వచ్చి వార్త చెప్పింది. "ప్రమీలమ్మ పోతున్నదట గదా! శివరాత్రి కాంగనే. బియ్యం డబ్బలు గూడ కట్టుకున్నది."

ఏది జరిగినా మంచికే. అనాలని చూశాను. రాలేదు. పాలు పొంగిపోయాయి.

ఫిబ్రవరి 12, గురువారం

ఈ రోజు రాయాలని లేదు. కానీ రాస్తాను.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే గోడ అవతలి నుంచి ప్రమీలక్క పిలిచింది. అటు వైపు ఆమె, ఇటు వైపు నేను. చేతిలో అల్యూమినియం గిన్నె పట్టుకొని ఉంది. మూటలో పెట్టాలా వద్దా అని చూస్తున్నట్టుంది.

"ఉమా, పొమ్మంటవా?" అని అడిగింది.

అడిగింది! ఇది అడిగిన సలహానే. మూడో సూత్రం కూడా అడ్డం రాదు. చెప్పొచ్చు. నోరు తెరిచి 'వద్దు' అంటే సరిపోయేది. కానీ పదకొండు రోజుల అలవాటు, ఊపిరి పీల్చాను. పీల్చాక ఏం మాట వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నీ మనసుకు ఏది సంతోషమో అది చెయ్యక్కా."

నవత మేడం అయినా ఇంత చక్కగా అనలేదేమో. అక్క "మంచిది" అని గిన్నె తీసుకొని లోపలికి పోయింది. ఈ మాట నాతో ఎవరన్నా అని ఉంటే ఆ గిన్నె వాళ్ళ మొహాన కొట్టేదాన్ని.

కృతజ్ఞతలు: లేవు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

స్నేహ పుట్టినప్పుడు నాకు జ్వరం వచ్చి రెండు నెలలు మంచం దిగలేదు. బీడీలు ఇవ్వకపోతే కార్ఖానాలో కార్డు తీసేస్తారు. కార్డు పోతే పీఎఫ్ పోతుంది, అన్నీ పోతాయి. ఆ రెండు నెలలు ప్రమీలక్క తన బీడీలు చుట్టుకొని, మళ్ళీ కూర్చొని నావీ చుట్టి, నా కార్డు మీద ఇచ్చి వచ్చింది. ఊరికే చుట్టలేదు. "దీనికి బిడ్డ పుట్టుడేమో గని నా నడుము ఇరుగుతున్నది" అని వాడకట్టు అంతా వినేలా తిడుతూ చుట్టింది. పసిపిల్ల ఆ తిట్లు వింటూనే నిద్రపోయేది.

ఇది ఏడో సూత్రం కింద రాద్దామని మొదలుపెట్టాను. మూడు కాలేదు. ఒకటే అయింది.

స్నేహకు చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి విన్నది. "నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నొద్దులు?" అన్నది.

"నువ్వడగలే."

"మరి పోయి పెద్దమ్మను ఆపు."

"ఏ మొహంతోని?" అన్నాను. నిజంగానే నాకు సిగ్గుగా ఉంది. రేపు ఎలాగైనా అక్క గడప దాకా వెళ్ళాలి.

ఫిబ్రవరి 14, శనివారం

రెండుసార్లు గడప దాకా వెళ్ళాను. గడప బాగుంది. తిరిగి వచ్చాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. ఉపవాసం. నేను కందగడ్డలు, పుచ్చకాయ, అటుకులు, పాలు మాత్రమే తీసుకున్నాను. సూత్రాలు మాత్రం నిజంగా ఉపవాసం ఉన్నాయి. కంఠేశ్వర్ గుడి క్యూలో ఒకావిడ మధ్యలో దూరితే ఊపిరి పీల్చకుండానే తిట్టాను. ఎంత హాయిగా ఉందో! ప్రమీలక్క వెనుక ఎక్కడైనా ఉందేమోనని చూశాను. ఉంటే ఈ తిట్లకు మార్కులు వేసేది.

ఫిబ్రవరి 16, సోమవారం

అన్నీ పోయాయి. ఒక్క సూత్రం కూడా మిగల్లేదు. వరుసగా రాస్తాను.

పొద్దున కార్ఖానాకు వెళ్ళాను. సురేందర్ కట్ట విప్పాడు. గుప్పెడు తీశాడు. నా చెవుల్లో ఏదో కుయ్యిమన్నది.

"ఏ సురేందర్! చిల్లుల ఆకు నువ్విచ్చి, చిల్లు లేని బీడీ నన్నడుగుతవా? నువ్వు చుట్టి చూపియ్యి! ఇదిగో చాట, కూసో! పక్కకు పడేసినవి మళ్ళ ఎవలి లెక్కల కలుస్తున్నయ్, చెప్పు అందరి ముందట!"

వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా "చెప్పు, చెప్పు" అన్నారు. సురేందర్ గుప్పెడు కట్టలో పెట్టేశాడు. "ప్రమీలమ్మ పోతున్నదంటె జర నిమ్మలమనుకున్న. గొంతు ఈడనే ఇడిసిపెట్టిందా?" అన్నాడు.

ఆ మాటతో నేను చాట చంకన పెట్టుకొని ఇంటికి పరుగెత్తాను. ఈ కాళ్ళతో! మా సందులో ట్రాలీ ఆటో ఆగి ఉంది. శేఖర్ మంచం ఎక్కిస్తున్నాడు. బియ్యం డబ్బాలు ఎక్కాయి. అక్క గడపలో నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది.

"ఎవలనడిగి పోతున్నవ్?" అని అరిచాను. వాడకట్టు మొత్తం తలుపులు తెరిచింది.

"నిన్నే అడిగిన. సంతోషమైతె పొమ్మంటివి. ఏది జరిగినా మంచికే అంటివి" అన్నది అక్క.

"నేనంటె నువ్వు వింటవా? ఇరవై ఏండ్లల్ల ఒక్కనాడన్న నా మాట విన్నవా? దీనికే వినాల్నా?"

అక్క గడప దిగి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నది, నాకు మాత్రమే వినబడేలా.

"ఆనాడు మీటింగుల నేను నిద్రపోలేదే ఉమా. నా బీపీ ఎక్కువున్నదని నర్సమ్మ అంటె బుగులైంది, కొంగు కప్పుకొని కూసున్న. గామె నెగెటివ్ మనుషులను దూరం పెట్టుమన్నది. అప్పుడు నువ్వు నా దిక్కు సూసినవ్. కొంగులకెల్లి నేను సూసిన. ఇంటికొచ్చి నీ ఫ్రిజ్ మీద గూడ రాసుకుంటివి. ఎర్రగ."

ఏ సూత్రమూ రాలేదు. ఏడ్చాను. సందులో, అందరి ముందు, చాట పట్టుకొని. "తప్పయిందక్కా. నువ్వు లేకుంటె నాకు చెయ్యి నడుస్తలేదు. పోకు. పోతే కాళ్ళిరగ్గొడత" అన్నాను. ఏడుస్తూ అనేసరికి బెదిరింపు సరిగ్గా రాలేదు.

అక్క కొంగుతో మొదట నా మొహం తుడిచింది, తరువాత తన మొహం. "ఇరగ్గొట్టుటానికి ఏమున్నదే? మోకాలు ఎప్పుడో ఇరిగింది. ఎవలికన్న చెప్తమంటె నువ్వు లోపట కూసుంటివి" అన్నది.

శేఖర్ పాపం మంచం ఒక కాలు పట్టుకొని నిలబడి, "అమ్మా, దించాల్నా, ఎక్కియ్యాల్నా? ఏదన్న ఒక్కటి చెప్పు" అన్నాడు.

అక్క ట్రాలీ వైపు చూసింది. "మంచం తీస్కపో. నెలకు రెండొద్దులు వస్త, పండుకునేతందుకు ఉండాలె గదా. బియ్యం డబ్బలు దించు. సాట దించు. జర మెల్లగ దించు బిడ్డా, గట్ల గుంజితె ఇరుగది? నీకు ఎవలు నేర్పిండ్రు?"

శేఖర్ నా వైపు చూసి నవ్వాడు. మంచం బోధన్‌కు పోయింది. ప్రమీలక్క చాట మా అరుగు ఎక్కింది.

ఫిబ్రవరి 18, బుధవారం

ఆరో సూత్రం గీకుదామని ఆకు కత్తిరించే కత్తెరతో కూర్చున్నాను. మా ఆయన చెప్పింది నిజమే, ఫ్రిజ్ రంగు ఊడింది కానీ అక్షరం ఊడలేదు. ప్రమీలక్క వచ్చి చూసి, "ఉండనియ్యి. నీళ్ళకు వచ్చినప్పుడల్ల నిన్ను తిట్టుటానికి అక్కరకొస్తది" అన్నది. చెప్పినట్టే నాలుగుసార్లు నీళ్ళు తాగింది.

ఇద్దరం కలిసి దవాఖానాకు వెళ్ళి బీపీ చూపించుకున్నాం. ఇద్దరిదీ ఎక్కువే. దారిలో గోళీల రంగు బాగా లేదని అక్క, డాక్టరు మన మొహం కూడా చూడలేదని నేను. చాలా ప్రశాంతంగా గడిచింది.

రేపటి నుంచి మళ్ళీ మొదలు! ఖచ్చితంగా ఐదింటికే లేస్తాను. అక్క కూడా లేస్తానన్నది. లేచి ఏం చేస్తావంటే, "నల్లా ఎప్పుడిడుస్తడో కనిపెట్టి వాని సంగతి సూస్త" అన్నది. ఆనంద జీవితం, రెండో విడత.

ఈ రోజు కృతజ్ఞతలు: నల్లాలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. మోకాలు లేవనివ్వట్లేదు. ఆకంతా చిల్లులే. అన్నీ అరుగు మీద కూర్చొని, మొదటి నుంచి చివరి దాకా, మళ్ళీ విన్నాను.